జీతం లెక్కతో పాటు పరపతి లెక్క కూడా వేసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. నిజాంపేటలో ఉంటున్నారు. పాపకు నాలుగేళ్లు నిండాయి, ఈ జూన్‌లో ఎల్‌కేజీలో చేరుతుంది. బాబుకు ఏడాదిన్నర. మాదాపూర్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీలో మీకు మే నెలతో ఐదేళ్లు నిండుతాయి. ఇప్పుడున్నది 13 లక్షల సీటీసీ, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని మరో కంపెనీ 18 లక్షలు ఇస్తామంటోంది, కానీ 45 రోజుల్లో చేరాలంటోంది. వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు వెళ్ళాలి, రోజూ సాయంత్రం ఆరున్నరకు న్యూయార్క్ బృందంతో మీటింగ్ ఉంటుంది. పగలు పిల్లల్ని మీ అత్తగారు చూసుకుంటున్నారు. "పిల్లలు ఇంత చిన్నగా ఉన్నప్పుడు ఉద్యోగం మారడం తప్పవుతుందా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. పిల్లలు చిన్నవాళ్ళన్న ఒక్క కారణంతో ఆగిపోనక్కర్లేదు. కానీ ఈ ఆఫర్‌ను ఇప్పుడున్న రూపంలో ఒప్పుకోవద్దు. చేరే తేదీ, సాయంత్రం మీటింగు, ఈ రెండూ మారితే వెళ్ళండి. మారకపోతే దీన్ని వదిలేసి ఇంకో ఆఫర్ చూసుకోండి. మీకున్న అనుభవానికి అది కష్టం కాదు.

నేను హైదరాబాద్‌లోనే పంతొమ్మిదేళ్లుగా హెచ్.ఆర్. విభాగంలో పనిచేస్తున్నాను. ఆఫర్ లెటర్లు రాసేదీ నేనే, చేరిన మూడు నెలలకే కళ్ళనీళ్ళతో వచ్చి కూర్చునే తల్లులతో మాట్లాడేదీ నేనే. ఇద్దరు పిల్లల్ని పెంచాను. ఒకసారి తొందరపడి ఉద్యోగం మారాను, ఒకసారి ఆలోచించి మారాను. ఆ రెండింటి మధ్య తేడాయే మీకు చెప్పాలనుకుంటున్నాను.

ముందు డబ్బు సంగతి. అయిదు లక్షలు పెరుగుతున్నాయని మీరు రాశారు. కాగితం మీద పెరుగుతున్నాయి, నిజమే. 18 లక్షల్లోంచి వేరియబుల్ పే (పనితీరును బట్టి వచ్చే భాగం), కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి పనిచేసి మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) తీసేస్తే నెలనెలా జీతంగా లెక్కకొచ్చేది ఏడాదికి 15 లక్షలు అనుకుందాం. మీ 13 లక్షల్లో అలా తీస్తే సుమారు 12 లక్షలు. కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షల ఆదాయం వరకు పన్ను లేదు కాబట్టి ఇప్పుడు మీరు పన్ను కట్టడం లేదు. 15 లక్షలకు వెళితే సెస్సుతో కలిపి ఏడాదికి 97,500 రూపాయలు కట్టాలి. బేసిక్, అంటే మూల వేతనం, ఆ జీతంలో సగం అనుకుని పీఎఫ్, వృత్తి పన్ను కూడా తీసి చూశాను. ఇప్పుడు చేతికి నెలకు 93,800 వస్తుంటే అప్పుడు 1,09,175 వస్తుంది. అంటే పెరిగేది నెలకు 15 వేల పైచిలుకు. అందులోంచి సాయంత్రం ఎనిమిది దాకా పిల్లల్ని చూసే మనిషికి, దూరం పెరిగినందుకు క్యాబ్‌కు, వంటకు తీయండి. మా దగ్గర చేరిన తల్లుల అనుభవంలో ఇవి తేలిగ్గా 12, 13 వేలు అవుతాయి. మిగిలేది రెండు మూడు వేలు. వేరియబుల్ పే ఏడాదికోసారి వస్తుంది, పీఎఫ్ కూడా పెరుగుతుంది, రేపటి ఇంక్రిమెంట్లు పెద్ద మొత్తం మీద లెక్కిస్తారు. కాబట్టి లాభమే లేదని అనను. కానీ ఈ నెల ఇంటి ఖర్చుకు అయిదు లక్షలు కలిసొస్తాయన్న ఊహతో మాత్రం సంతకం పెట్టకండి.

అసలు విషయం ఇది కాదు. ఐదేళ్లలో మీరు ఆ ఆఫీసులో సంపాదించుకున్న పరపతి ఒకటుంది. దాన్ని ఏ పేస్లిప్పులోనూ చూపించరు. మీ ప్రశ్నలోనే ఒక మాట రాశారు: "పాపకు జ్వరమొస్తే మా మేనేజర్‌కు ఒక్క మెసేజ్ పెడితే చాలు, ఏమీ అడగరు." ఆ ఒక్క మెసేజ్ వెనక ఐదేళ్ల పని ఉంది. మీరు రాత్రి కూర్చునైనా పూర్తిచేస్తారని ఆయన కళ్ళారా చూశారు. కొత్త చోట మొదటి రోజున మీ పరపతి సున్నా. మీరు ఎంత సమర్థులైనా సరే, వాళ్ళకు మీరింకా తెలియదు. అది మళ్ళీ కూడబెట్టుకోవడానికి నేను చూసినంతలో ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. మీరు వేసుకోవలసిన లెక్క ఇదే: ఆ ఆరు నెలలు, అడగగానే సెలవు దొరకని రోజుల్లో, మీ ఇల్లు నడుస్తుందా?

2009లో ఈ లెక్క నేను వేయలేదు. మా అమ్మాయికి మూడేళ్లు. బేగంపేటలో సుఖంగా ఉన్న ఉద్యోగం వదిలి, జీతం బాగా పెరుగుతోందని గచ్చిబౌలిలో చేరాను. చేరిన అయిదో వారంలో పిల్లకు ఆటలమ్మ పోసింది. పొక్కులన్నీ మాడి పెచ్చులు కట్టేదాకా డే కేర్‌కు తీసుకురావద్దన్నారు, అది న్యాయమే. నేనేమో ప్రొబేషన్‌లో ఉన్నాను, సెలవులే లేవు. రెండు రోజులు మా వారు ఉన్నారు. మూడో రోజు ఆయనకు ఆడిట్. మంచం మీద వేపాకు పరిచి, పక్కింటి ఆవిడను బతిమాలి కూర్చోబెట్టి వెళ్ళాను. మధ్యాహ్నం ఫోను చేస్తే పిల్ల ఏడవలేదు. "అమ్మా, గోకట్లేదమ్మా, చేతులు కట్టుకుని కూర్చున్నా" అంది. నేను మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పైకి వచ్చి మా మేనేజర్‌ను రెండు రోజులు ఇంటినుంచి పనిచేస్తానని అడిగాను. చెడ్డ మనిషి కాదు. కానీ ఆయన చూపులో ఒక లెక్క కనిపించింది: "చేరి నెల దాటిందో లేదో, అప్పుడే..." బేగంపేటలో అయితే అడగాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఆ ఉద్యోగంలో నేను పదకొండు నెలలు మాత్రమే ఉన్నాను.

మీ అత్తగారి గురించి. ఆవిడకు మోకాళ్ళ నొప్పులున్నా "ఫర్వాలేదమ్మా, నేను చూసుకుంటాను" అన్నారని రాశారు. ఆ "ఫర్వాలేదు"ను ఒప్పుకోలుగా తీసుకోకండి. మన ఇళ్లలో పెద్దవాళ్ళు కోడలి జీతం పెరుగుతుందంటే కాదనరు. మా అత్తగారూ అలాగే అన్నారు. మా బాబు పుట్టాక ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికొస్తే, ఆవిడ వాకిలి మెట్టు మీద కాలు చాపుకుని, ఒళ్ళో ఉగ్గు గిన్నె పెట్టుకుని కూర్చున్నారు. మోకాలు వాచి ఉంది. బీపీ మాత్రల స్ట్రిప్పు చూస్తే పది రోజులవి అలాగే ఉన్నాయి. "వేసుకుంటే మగతగా ఉంటుందమ్మా, వాడు గేటు దాటిపోతే?" అన్నారు. ఏడాదిన్నర పిల్లవాడు ఎంత వేగంగా పరుగెడతాడో మీకు తెలుసు. మీ అత్తగారిని, మీ వారు లేనప్పుడు, ఒక్కరినే కూర్చోబెట్టి అడగండి. "చూసుకోగలరా?" అని కాదు. "సాయంత్రం ఆరు దాటాక ఇంకో రెండు గంటలు ఇద్దరితో మీరు ఒక్కరే ఉండాలంటే ఎవరు తోడుండాలి?" అని అడగండి. అప్పుడు నిజం బయటికి వస్తుంది.

ఇంకొకటి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టంలో చేర్చిన, ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కొనసాగుతున్న నియమం ప్రకారం, యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసి రావచ్చు. చాలా కంపెనీలు బయటి డే కేర్‌తో ఒప్పందం చేసుకుంటాయి. అది ఆఫీసు పక్కనుందా, మీ ఇంటివైపు ఉందా, ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది, ఎంత వయసు పిల్లల్ని తీసుకుంటారు అన్నది ముందే అడిగి తెలుసుకోండి. బాబు పగలు అక్కడుంటే మీ అత్తగారి భారం సగానికి తగ్గుతుంది.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అత్తగారి మోకాళ్ళున్నాయి, పాప బడి ఉంది, వంట మనిషి ఉంది. మీ వారు ఎక్కడ పనిచేస్తారో, ఎన్నింటికి ఇంటికొస్తారో ఒక్క ముక్క లేదు. ఇది మీ తప్పని అనడం లేదు. ఇన్నేళ్లలో ఇంటర్వ్యూకు వచ్చిన తండ్రుల్లో "మీటింగులు ఎన్నింటికి ముగుస్తాయి?" అని అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అలా అడిగిన ఒకతను నాకు బాగా గుర్తు. ఉప్పల్‌లో ఇల్లు, రోజూ గచ్చిబౌలి దాకా వచ్చేవాడు. భార్య ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు, ఆమెకు రాత్రి డ్యూటీలు పడేవి. ఇద్దరు చిన్నపిల్లలు. పోచారంలో తక్కువ జీతానికి ఉద్యోగం వస్తే వెళ్ళిపోయాడు. నేను ఆపబోతే, "మేడమ్, పిల్లలు నిద్రలేవకముందే బయల్దేరుతున్నాను, పడుకున్నాక చేరుతున్నాను. ఆదివారం మా చిన్నది నన్ను చూసి కొత్త చేస్తోంది" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆరేళ్ల తర్వాత కలిశాడు, టీమ్ లీడ్ అయ్యాడు. జీతం ఆలస్యంగానైనా పెరిగింది.

కాబట్టి ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద సోమవారం నుంచి శుక్రవారం దాకా రాయండి. సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది వరకు ప్రతి గంటకూ ఎదురుగా ఒక పేరు ఉండాలి. "ఎవరో ఒకరం చూసుకుంటాం" అన్న గడి ఉండకూడదు, ఎందుకంటే ఆ గడి చివరికి మీ మీదే పడుతుంది. వారంలో కనీసం రెండు సాయంత్రాలు ఆయన పేరు ఉండాలి, ఆ సంగతి ఆయన తన ఆఫీసులో చెప్పి ఉండాలి.

ఇక దారి. మంగళవారమో బుధవారమో, ఆఫీసుకు వెళ్ళే సమయానికే, ఒకసారి నిజంగా వెళ్ళిరండి. ఆదివారం పొద్దున్న వెళ్ళి "నలభై నిమిషాలే" అనుకున్నవాళ్ళు తర్వాత నా దగ్గరికి వచ్చి బాధపడ్డారు. మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది, అక్కడినుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు మళ్ళీ బస్సో షటిలో పట్టుకోవాలి. స్కూటీ మీద కొండాపూర్, గచ్చిబౌలి మీదుగా మామూలు రోజుల్లో ఎలాగో వెళతారు. జూలైలో సాయంత్రం అయిదింటికి వాన పడితే ఆ దారి ఎలా ఉంటుందో మన ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ రోజు పాపను బడి వ్యాన్ దగ్గర ఎవరు దించుకుంటారో కూడా మీ కాగితం మీద ఉండాలి.

సాయంత్రం మీటింగ్ గురించి మీకు ఎవరూ చెప్పి ఉండరు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు సాయంత్రం ఆరున్నర, అది వాళ్ళు గడియారం ముందుకు జరుపుకున్న నెలల్లో మాత్రమే. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అదే మీటింగ్ మనకు ఏడున్నరకు పడుతుంది. ఆరున్నరది ముగించి ఏడున్నరకు అన్నం తినిపిద్దామనుకున్న ఇంట్లో, నాలుగు నెలల పాటు సరిగ్గా అన్నం వేళకే మీటింగ్ మొదలవుతుంది. ఎదిగిన పిల్లలైతే ఆగుతారు. ఏడాదిన్నర వాడు ఆగడు.

చేరే తేదీ దగ్గర మీరు పెద్ద పొరపాటు చేయబోతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మేలో మీకు ఐదేళ్లు నిండుతాయి. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ హక్కు ఐదేళ్ల సర్వీసుతో వస్తుంది. బేసిక్ 50 వేలు అనుకుంటే, దాన్ని 15తో గుణించి, 26తో భాగించి, ఐదేళ్లతో గుణిస్తే 1,44,230 రూపాయలు. 45 రోజుల్లో చేరితే ఏప్రిల్ చివరికే మీరు బయటికి వచ్చేస్తారు. కొన్ని కంపెనీలు ఐదో ఏడాదిలో 240 రోజులు పనిచేసినా ఇస్తాయి, కానీ అన్నీ ఇవ్వవు, దాన్ని నమ్ముకోకండి. మీ నోటీసు పీరియడ్ 90 రోజులన్నారు. నోటీసులో పనిచేసిన రోజులూ సర్వీసు కిందకే వస్తాయి. పూర్తి నోటీసు చేస్తే ఐదేళ్లు వాటంతట అవే దాటిపోతాయి. కొత్త కంపెనీ అంత తొందరపడుతుంటే, ఆ మొత్తాన్ని జాయినింగ్ బోనస్‌గా ఇమ్మని అడగండి. మేము అలా ఇచ్చిన సందర్భాలున్నాయి. అయితే ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉంటుంది, చూసుకోండి.

నోటీసు పూర్తయ్యేసరికి జూన్ మధ్య అవుతుంది. అప్పుడే బడులు తెరుస్తారు. పాప మొదటిసారి బడికి వెళ్ళే ఆ రెండు వారాల్లో మీరు కొత్త ఆఫీసులో ఇండక్షన్‌లో కూర్చోకండి. జూలై 1న చేరతానని చెప్పండి. పిల్లలకు ఒకేసారి రెండు మార్పులు వద్దు.

జూలైలో చేరితే పన్ను దగ్గర జాగ్రత్త. పాత కంపెనీలో ఏప్రిల్ నుంచి వచ్చిన ఆదాయం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వకపోతే, వాళ్ళ లెక్కలో మీ ఆదాయం తొమ్మిది నెలలకు 11.25 లక్షలే కనిపిస్తుంది, పన్నే కోయరు. రిటర్ను వేసేటప్పుడు సుమారు 78,000 రూపాయలు ఒక్కసారిగా మీద పడతాయి, వడ్డీ అదనం. పీఎఫ్‌ను తీసుకోకండి, బదిలీ చేయించుకోండి. ఆరోగ్య బీమా సాధారణంగా చివరి పనిదినంతోనే ముగుస్తుంది. మధ్యలో రెండు వారాలు పిల్లలతో గడపాలనుకుంటే గడపండి, కానీ ఆ రెండు వారాలు ఇంట్లో ఎవరికీ బీమా ఉండదని గుర్తుంచుకోండి. సొంత పాలసీ తీసుకుంటే ప్రమాదాలకు తప్ప మామూలు జబ్బులకు మొదటి 30 రోజులు వర్తించదు కాబట్టి, రాజీనామాకు ముందే తీసుకోవాలి. కొత్త కంపెనీ బీమాలో అత్తమామలకు చోటుందో లేదో కూడా అడగండి.

ఇదంతా చదివి "అయితే ఉన్నచోటే ఉండిపోతాను" అనుకుంటారేమోనని నా భయం. అది కూడా చూశాను. నాతో పనిచేసిన ఒకామె పిల్లల కోసమని ఎనిమిదేళ్లు ఒకే బృందంలో ఉంది. మూడు మంచి ఆఫర్లు వదులుకుంది. తర్వాత ఆ ప్రాజెక్టు మూతపడింది. అప్పటికి ఆమెకు తెలిసిన పని బయట ఎవరికీ అక్కర్లేదు. నలభై ఏళ్ల వయసులో మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంది, ఆ ఏడాది ఆమె పడ్డ శ్రమ నేను దగ్గరినుంచి చూశాను. మీ ఇప్పటి ఉద్యోగంలో రెండేళ్లుగా కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేకపోతే, మీ మేనేజర్ ఎంత మంచివారైనా సరే, ఏడాదిలోపు కదలాల్సిందే. ఆయన రేపు వేరే కంపెనీకి వెళ్ళిపోతే మీ పరపతిలో సగం ఆయనతోనే వెళ్ళిపోతుంది. మారడమా వద్దా అన్నది మీ ఇంట్లో ఇప్పటికే తేలిపోయిందని నాకనిపిస్తోంది. మిగిలింది ఏ షరతుల మీద అన్నదే.

ఆ షరతులు అడగడానికి ఇదే సమయం. ఆఫర్ ఇచ్చాక, మీరు ఒప్పుకోకముందు ఉన్న ఆ వారం రోజుల్లో మీ మాటకు ఉన్నంత బలం చేరాక ఏడాదికి గానీ రాదు. "పిల్లలున్నారని చెబితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమో" అని చాలామంది భయపడతారు. అవతలి వైపు కూర్చునే మనిషిగా చెబుతున్నాను, ఒకరిని ఎంచుకున్నాక మళ్ళీ వెతకడం మాకు పెద్ద పని. గంటల గురించి స్పష్టంగా అడిగినవాళ్ళను నేను పోగొట్టుకోలేదు. ఒకవేళ ఆ మాటకే ఆఫర్ పోయిందంటే, పాపకు జ్వరం వచ్చిన రోజున అక్కడ మీకు ఏం జరిగేదో ముందే తెలిసినట్టు. హెచ్.ఆర్.ను ఒక్కరినే అడిగి ఊరుకోకండి, సాయంత్రాలు మీ మేనేజర్ చేతిలో ఉంటాయి, ఆయనతో మాట్లాడండి. బృందంలో చిన్నపిల్లలున్నవాళ్ళు ఒకరితో పది నిమిషాలు మాట్లాడించమని అడగండి. అలాంటివాళ్ళు ఒక్కరూ లేరంటే, దాన్ని కూడా సమాధానంగానే తీసుకోండి.

ఫోనులో ఒప్పుకున్నది ఈమెయిల్‌లోకి రావాలి. ఇలా రాస్తే చాలు:

"నా నోటీసు పూర్తిచేసుకుని జూలై 1న చేరగలను. సాయంత్రం మీటింగులకు వారానికి రెండు రోజులు, మంగళ, గురువారాల్లో హాజరవుతాను. మిగిలిన రోజుల్లో ఆరు తర్వాత రాతపూర్వకంగా అందుబాటులో ఉంటాను. నవంబరు నుంచి సమయం మారినప్పుడు కూడా ఈ ఏర్పాటే కొనసాగాలని మనం మాట్లాడుకున్నాం. దయచేసి ధ్రువీకరించగలరు."

ఆ ధ్రువీకరణ చేతికి వచ్చాక రాజీనామా పెట్టండి, అంతకు ఒక్క రోజు ముందు కూడా వద్దు. మంగళ, గురువారాలు నేను ఉదాహరణకు రాసినవి, ఆ రెండు సాయంత్రాలు మీ వారు ఆరింటికల్లా ఇంట్లో ఉండగలరా అని ఈ రాత్రే అడగండి. ఆయనకు వేరే రోజులు కుదిరితే ఈమెయిల్‌లో ఆ రోజులు రాయండి.